సమాధానం: ‘ఓకే’ నొక్కేసి బిల్లులు పోతున్నాయి

మీ బిల్లింగ్ యాప్‌లో డిలీట్ నొక్కితే ‘ఖచ్చితంగా తీసేయాలా?’ అని పెట్టె వస్తుందని, కౌంటర్ కుర్రాడు చూడకుండా ‘ఓకే’ నొక్కేయడంతో వారంలో రెండుసార్లు బిల్లులు పోయాయని అన్నారు కదా. తప్పు అతనిది కాదు, ఆ పెట్టెది. రోజంతా అదే పెట్టె అదే చోట వస్తుంటే చదవడం ఆగిపోతుంది, వేలు దానంతటదే నొక్కేస్తుంది. రెండో పెట్టె కలిపినా ఇదే జరుగుతుంది. అతన్ని తిట్టకండి, భయపడితే ఈసారి చెప్పడు.

1. బిల్లును నిజంగా తీసేయొద్దు. డేటాబేస్‌లోని బిల్లుల టేబుల్‌లో ‘రద్దైన సమయం’, ‘రద్దు చేసినవారు’ అని రెండు కాలమ్‌లు పెట్టి, బటన్ వాటిని నింపేలా మార్చండి.

2. పెట్టె తీసేసి, నొక్కగానే ‘బిల్లు 1047 రద్దయింది, వెనక్కి తేవాలా?’ అని చూపండి.

3. దాదాపు అందరూ వదిలేసేది ఇదే. యాప్ వాడే డేటాబేస్ యూజర్‌కు డిలీట్ హక్కు తీసేయండి. రూట్‌తో (అన్ని హక్కులూ ఉండే యూజర్‌తో) నడుపుతుంటే ముందు వేరే యూజర్‌ను సృష్టించండి. మీ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ అయితే, మామూలుగా హక్కు ఏ స్థాయిలో ఇచ్చారో అక్కడే రివోక్ చేయాలి, అంటే వెనక్కి తీసుకోవాలి. డేటాబేస్ మొత్తానికి ఇచ్చినదాన్ని ఒక్క టేబుల్‌ మీద తీయలేరు. యూజర్‌కు ఉన్న హక్కులను చూపే ‘షో గ్రాంట్స్’ కమాండ్‌తో సరిచూసుకోండి. తర్వాత ఎక్కడైనా ఎర్రర్ వస్తే మంచిదే, కోడ్‌లో మిగిలిన పాత డిలీట్ అక్కడే దొరుకుతుంది.

4. బ్యాకప్‌ను వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి చూడండి. 2017 జనవరి 31న, కోడ్ దాచుకునే సేవ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు సర్వర్ మీదే డేటా ఫోల్డర్ చెరిపేశారు. బ్యాకప్‌లు పనిచేయడం లేదని అప్పుడే తెలిసింది. సుమారు ఆరు గంటల కిందటి స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్న డేటా నకలు) ఒకటి ఉండబట్టి అంతకుముందు డేటా దక్కింది.