హెచ్‌డీ 650 లాంటి హెడ్‌ఫోన్‌కి చేతిలో పట్టే ఆంప్ సరిపోతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: సెన్‌హైజర్ హెచ్‌డీ 650 కొన్నారు, ఫోన్‌కి డాంగిల్ (యూఎస్‌బీ పోర్టుకి తగిలించి హెడ్‌ఫోన్ జాక్ తెచ్చుకునే చిన్న అడాప్టర్) పెట్టి వింటే సౌండ్ చాలడం లేదు. బ్యాటరీతో నడిచే పోర్టబుల్ ఆంప్ (హెడ్‌ఫోన్‌కి వెళ్లే సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్) తీసుకుంటే సరిపోతుందా, లేక టేబుల్ మీద పెట్టే పెద్ద ఆంప్ లేకుండా ఇలాంటి హెడ్‌ఫోన్ కొనడమే దండగా? ముందు ముందు ఒక ప్లేనార్ హెడ్‌ఫోన్ (అయస్కాంతాల మధ్య పల్చటి పొర కదిలి మోగే రకం) కూడా తీసుకోవాలని ఉందన్నారు.

హెచ్‌డీ 650 వరకైతే సరిపోతుంది, సందేహం అక్కర్లేదు. నేను ఏళ్ల తరబడి ఇదే హెడ్‌ఫోన్ వింటున్నాను. ఇంట్లో టేబుల్ ఆంప్ ఉంది, అయినా ఎక్కువసేపు వినేది పోర్టబుల్ ఆంప్‌తోనే. ప్లేనార్ సంగతి మాత్రం మోడల్‌ని బట్టి పూర్తిగా మారిపోతుంది. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆ లెక్క తెలిస్తే రేపు ఏ హెడ్‌ఫోన్ కొన్నా ఎవర్నీ అడగాల్సిన పని ఉండదు.

హెచ్‌డీ 650 ఇంపెడెన్స్ (కరెంట్‌కి హెడ్‌ఫోన్ చూపే అడ్డు) 300 ఓమ్స్ అనగానే చాలామందికి టెన్షన్. ఓమ్స్ ఎక్కువుంటే నడపడం కష్టం, తక్కువుంటే సులువు అని ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. ఇంపెడెన్స్ ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. పక్కన సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన సిగ్నల్‌కి ఎంత గట్టిగా మోగుతుందో కూడా చూడాలి. ఇక్కడొక చిక్కుంది: కొన్ని కంపెనీలు సెన్సిటివిటీని 1 మిల్లీవాట్‌కి ఇన్ని డెసిబెల్స్ అని ఇస్తాయి, కొన్ని 1 వోల్ట్‌కి ఇస్తాయి. రెండు అంకెలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి జనం పక్కపక్కన పెట్టి పోల్చేస్తారు. సెన్‌హైజర్ హెచ్‌డీ 650కి చెప్పే 103 డెసిబెల్స్ 1 వోల్ట్‌కి. ఆడెజీ ఎల్‌సీడీ-ఎక్స్ అనే ఇంకో హెడ్‌ఫోన్‌కి చెప్పే 103 డెసిబెల్స్ 1 మిల్లీవాట్‌కి. ఎల్‌సీడీ-ఎక్స్ 20 ఓమ్స్ కాబట్టి దాన్ని వోల్ట్ లెక్కలోకి మారిస్తే సుమారు 120 వస్తుంది. అంటే ఒకే వోల్టేజీ ఇస్తే అది హెచ్‌డీ 650 కన్నా 17 డెసిబెల్స్ గట్టిగా మోగుతుంది. కాగితం మీద రెండూ 103!

ఇక మనకు ఎంత గట్టిగా కావాలి? వారానికి 40 గంటలు వినేవాళ్లకు సగటున 80 డెసిబెల్స్ దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. నేను అంతకంటే తక్కువలోనే వింటాను. అయితే ఆంప్ ఎంపికలో సగటు కన్నా ముఖ్యం, క్షణకాలం వచ్చే పెద్ద శబ్దాలు. సినిమా పాటల రికార్డింగ్‌లో చిన్న శబ్దాన్నీ పెద్ద శబ్దాన్నీ దగ్గరకు నొక్కేస్తారు కాబట్టి అంతా దాదాపు ఒకే ఎత్తులో ఉంటుంది. కచేరీ రికార్డింగ్ అలా కాదు. ఆలాపన నెమ్మదిగా సాగుతుంది, అది సరిగ్గా వినపడేలా వాల్యూమ్ పెట్టుకుంటే తని ఆవర్తనంలో మృదంగం దెబ్బ అంతకన్నా 20 డెసిబెల్స్ పైకి లేవగలదు. సింఫనీల్లో తేడా ఇంకా ఎక్కువే ఉంటుంది. అందుకే నేను 110 డెసిబెల్స్ దాకా పగలకుండా వెళ్లగల ఆంప్ కావాలనుకుంటాను. ఆ స్థాయిలో వినడానికి కాదు, ఆ దెబ్బ పడిన క్షణంలో ఆంప్ చేతులెత్తేయకుండా ఉండటానికి.

హెచ్‌డీ 650కి 110 చేరాలంటే 103 మీద ఇంకో 7 డెసిబెల్స్ కావాలి. లెక్క వేస్తే దాదాపు 2.24 వోల్టులు, పవర్‌లో చెప్తే 17 మిల్లీవాట్లు. అంతే! ఆపిల్ టైప్-సీ డాంగిల్ గరిష్ఠంగా ఇచ్చేది సుమారు 1 వోల్ట్ (యూరప్‌లో అమ్మేది అందులో సగమే), పైగా కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు పెడితే పూర్తి వాల్యూమ్ కూడా రాదు. మీ డాంగిల్ ఏదో చెప్పలేదు కానీ మీకు చాలకపోవడానికి కారణం ఇలాంటిదే అయ్యుంటుంది. 2 వోల్టులు ఇచ్చే మంచి డాంగిల్‌తోనే చాలావరకు పని అయిపోతుంది. 4 వోల్టులు ఇచ్చే పోర్టబుల్ ఆంప్ ఉంటే ఇంకో 5 డెసిబెల్స్ మిగులుతుంది.

ఆంప్ పెట్టె మీద అంకె చూసి కూడా కంగారు పడకండి. 32 ఓమ్స్ దగ్గర 500 మిల్లీవాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, కింద ఎక్కడో 300 ఓమ్స్ దగ్గర 53 మిల్లీవాట్లు అని ఉంటుంది. ఇదేంటి పదో వంతుకు పడిపోయింది అనిపిస్తుంది. నిజానికి రెండు చోట్లా ఆంప్ ఇస్తున్నది అవే 4 వోల్టులు. మీకు కావాల్సింది 17, దొరుకుతున్నది 53. హాయిగా వినొచ్చు.

ఇదేమీ కొత్త విషయం కాదు కూడా. చూ మోయ్ అనే ఆయన డిజైన్‌ని పిప్పర్‌మెంట్ బిళ్లల రేకు డబ్బాలో, 9 వోల్టుల బ్యాటరీతో ఇంట్లో కట్టుకుని ఎందరో 300 ఓమ్స్ హెడ్‌ఫోన్లు విన్నారు. 2011లో ఒక అజ్ఞాత ఇంజనీరు పూర్తి కొలతలతో సహా బయటపెట్టిన ఓ2 ఆంప్ కూడా రెండు 9 వోల్టుల బ్యాటరీలతో నడిచేదే. ఇప్పుడొచ్చే పోర్టబుల్ ఆంప్‌లు వాటికన్నా చిన్నవి, చాలావాటిలో డీఏసీ (డిజిటల్ సిగ్నల్‌ని అనలాగ్‌గా మార్చేది) కూడా లోపలే ఉంటుంది.

ఇప్పుడు ప్లేనార్ సంగతి. ఇక్కడ అసలు సమస్య వోల్టేజీ కన్నా కరెంట్. హైఫైమాన్ హెచ్‌ఈ-6 తీసుకోండి: 50 ఓమ్స్, 1 మిల్లీవాట్‌కి 83.5 డెసిబెల్స్. 110 చేరాలంటే దాదాపు 450 మిల్లీవాట్లు కావాలి. అంటే 4.7 వోల్టులతో పాటు 95 మిల్లీయాంపుల కరెంట్. అదే 110కి హెచ్‌డీ 650 తీసుకునే కరెంట్ 8 మిల్లీయాంపులు కూడా ఉండదు. ఫోన్ నుంచే కరెంట్ పీల్చుకునే డాంగిల్‌కి 95 అంటే మోయలేని బరువు. అదే ప్లేనార్ జాతికి చెందిన ఎల్‌సీడీ-ఎక్స్‌కి మాత్రం 5 మిల్లీవాట్లు చాలు, మూడో వంతు వోల్ట్ కూడా అక్కర్లేదు. కాబట్టి "ప్లేనార్‌కి పెద్ద ఆంప్ కావాలి" అనే మాటను ఎవరైనా చెప్తే, ఏ ప్లేనార్ అని తిరిగి అడగండి. డైనమిక్ రకంలో (హెచ్‌డీ 650 లాగా కాయిల్‌తో మోగే మామూలు రకం) కూడా అంతే, ఫోకల్ యుటోపియా ఎంత ఖరీదైనదైనా 80 ఓమ్స్, 1 మిల్లీవాట్‌కి 104 డెసిబెల్స్. మంచి డాంగిల్ దాన్ని సులువుగా నడుపుతుంది. ఖరీదుకీ నడపడం కష్టమవడానికీ సంబంధం లేదు.

నేను ఈ లెక్కల మీదే ఆధారపడి ఊరుకోలేదు. పోర్టబుల్ ఆంప్, టేబుల్ ఆంప్ రెండిటినీ హెచ్‌డీ 650తో పోల్చి చూశాను. ఇలాంటి పోలికలో వాల్యూమ్ సమానం చేయకపోతే చేసిన శ్రమంతా వృథా, ఎందుకంటే అర డెసిబెల్ ఎక్కువ మోగినదే మనకు "మరింత స్పష్టంగా, మరింత విశాలంగా" వినిపిస్తుంది. 50 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి, మల్టీమీటర్‌ని ఏసీ వోల్ట్స్‌లో పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే రెండు ఆంప్‌ల వోల్టేజీని సమానం చేశాను. 50 హెర్ట్జ్ ఎందుకంటే మామూలు మల్టీమీటర్లు ఆ ఫ్రీక్వెన్సీ దగ్గరే నమ్మకంగా కొలుస్తాయి. తర్వాత మా తమ్ముడు నాకు చెప్పకుండా ప్లగ్గులు మారుస్తూ పోయాడు. ఏది ఏదో నేను నిలకడగా చెప్పలేకపోయాను. అంతకుముందు కళ్లు తెరిచి విన్నప్పుడు టేబుల్ ఆంప్‌లో బేస్ బిగువుగా ఉందని గట్టిగా అనిపించేది! అదే పని ఒక స్నేహితుడి హెచ్‌ఈ-6తో చేస్తే చూడకుండానే తెలిసిపోయింది. మృదంగం దెబ్బ పడినప్పుడల్లా పోర్టబుల్ ఆంప్‌లో ఆ దెబ్బ చితికి, గరగరమంది.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను: ఆంప్‌కి సరిపడా వోల్టేజీ, కరెంట్ ఉండి, దాని నుంచి నాయిస్ రాకపోతే, ఇక ఖర్చు పెట్టాల్సింది హెడ్‌ఫోన్ మీదే. సౌండ్ రుచిని నిర్ణయించేది హెడ్‌ఫోనూ, ఆ తర్వాత ఈక్వలైజరూ.

ఈక్వలైజర్ మాటొచ్చింది కాబట్టి ఒకటి గుర్తుంచుకోండి. హెచ్‌డీ 650లో లోతైన బేస్ తగ్గుతూ పోతుంది, చాలామంది దాన్ని ఈక్వలైజర్‌తో పెంచుకుంటారు, నేను కూడా. బేస్ 6 డెసిబెల్స్ పెంచారంటే అక్కడ ఆంప్ రెట్టింపు వోల్టేజీ ఇవ్వాలి. డిజిటల్‌లో పగలకుండా ఉండాలంటే ముందే మొత్తం స్థాయిని 6 డెసిబెల్స్ తగ్గించాలి. అప్పుడు వాల్యూమ్ చాలక ఆంప్‌ని ఇంకా తిప్పాల్సి వస్తుంది. మీరు ఈక్వలైజర్ వాడేటట్టయితే 2 వోల్టుల దగ్గర ఆగకుండా 4 వోల్టులది తీసుకోమనడానికి నాకున్న ముఖ్య కారణం ఇదే.

ఆంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (ఆంప్ లోపలే ఉండే అడ్డు) గురించి కూడా భయపెడుతుంటారు. హెడ్‌ఫోన్ ఓమ్స్‌లో ఎనిమిదో వంతు కన్నా తక్కువుంటే చాలు అనేది వాడుకలో ఉన్న కొలమానం. 300 ఓమ్స్‌కి అది 37 దాకా వస్తుంది, ఇప్పటి పోర్టబుల్ ఆంప్‌లు చాలావరకు 1, 2 ఓమ్స్ దగ్గరే ఉంటాయి. ప్లేనార్లకైతే ఇంపెడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి టోన్ మారదు. ఇది పట్టించుకోవాల్సింది చెవిలో పెట్టుకునే మల్టీ డ్రైవర్ (ఒక్కో చెవికి ఒకటి కన్నా ఎక్కువ చిన్న స్పీకర్లుండే) ఇయర్‌ఫోన్లకి. అవి కూడా అదే ఆంప్‌తో వింటారా? అయితే గెయిన్ (ఆంప్ సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో) మార్చే స్విచ్ ఉన్నది చూసుకోండి. హై గెయిన్‌లో వాటికి వెనక నుంచి సన్నగా బుస్సుమనే శబ్దం వినిపించవచ్చు, వాల్యూమ్ నాబ్ కొంచెం కదిపితేనే చెవులు అదిరిపోతాయి.

నాబ్ గురించి ఇంకో మాట. "సగం కూడా తిప్పకముందే గట్టిగా వస్తోంది, అంటే ఇంకా బోలెడు పవర్ ఉంది" అనుకోకండి. నాబ్ ఎక్కడుందనేది గెయిన్ మీద ఆధారపడుతుంది, మిగిలిన పవర్‌ని అది చూపించదు. అనలాగ్ నాబ్ అయితే బాగా కింద ఉన్నప్పుడు ఒక చెవిలో ఎక్కువ, ఒక చెవిలో తక్కువ వినిపించడం మామూలే. అప్పుడు లో గెయిన్‌కి మార్చి నాబ్ పైకి తిప్పుకుంటే సరి.

ఫోన్‌కి కలిపేటప్పుడు వీలైతే యూఎస్‌బీ నుంచే తీసుకోండి. 3.5 జాక్ నుంచి తీసుకుంటే ఒక ఆంప్ మీద ఇంకో ఆంప్ అవుతుంది, అప్పుడు ఫోన్ వాల్యూమ్ దాదాపు పూర్తిగా పెట్టి, సర్దుబాటంతా ఆంప్ దగ్గరే చేసుకోవాలి. ఫోన్‌నీ ఆంప్‌నీ రబ్బరు బ్యాండుతో ఒకదాని మీద ఒకటి కట్టడం చూసే ఉంటారు. ఫోన్ 2జీ సిగ్నల్‌కి మారినప్పుడు "టిడిడిడిడ్" అని ఒక చప్పుడు వస్తుంది, ఆ సిగ్నల్ సెకనుకు 217 సార్లు ఆగుతూ వెలుగుతుంది కాబట్టి. కాస్త పొడుగు కేబుల్ పెట్టి రెండిటినీ దూరం చేస్తే తగ్గుతుంది. చార్జింగ్ పెట్టి వింటుంటే గుయ్యిమంటోందా, చార్జర్ తీసి చూడండి. బ్యాటరీ ఆంప్‌కి ఉన్న పెద్ద సుఖం ఇదే, గోడ కరెంటు నుంచి వచ్చే హమ్ దాని దగ్గరికి రాదు.

పోర్టబుల్ అన్నారని చెప్తున్నాను, హెచ్‌డీ 650 వెనకవైపు తెరిచి ఉండే రకం. బస్సులో, రైల్లో బయటి గోలంతా లోపలికి వస్తుంది, మీ పాట పక్కవాళ్లకు వినిపిస్తుంది. నాకు దీని ఉపయోగం ఇంట్లోనే: మంచం మీద, బాల్కనీలో, లైట్లు తీసేశాక కూడా వైర్ల గొడవ లేకుండా. మీరు ప్రయాణాల కోసం అనుకుంటుంటే ఆంప్ కన్నా ముందు మూసి ఉండే రకం హెడ్‌ఫోన్ గురించి ఆలోచించండి.

బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ (రెండు చెవులకూ వైర్లు పూర్తిగా విడివిడిగా ఉండేది) ఉన్న ఆంప్ తీసుకుంటే 4.4 మిల్లీమీటర్ల జాక్ కేబుల్ కూడా కొనుక్కోండి. చాలా ఆంప్‌లలో అక్కడ దాదాపు రెట్టింపు వోల్టేజీ వస్తుంది, హెచ్‌డీ 650 కేబుల్ విడదీసి మార్చుకోవచ్చు కాబట్టి ఇబ్బంది లేదు. కానీ మామూలు 3.5 ప్లగ్గుకి అడాప్టర్ తగిలించి బ్యాలెన్స్‌డ్ సాకెట్‌లో మాత్రం పెట్టకండి. 3.5లో రెండు చెవుల నెగెటివ్ వైర్లూ ఒకచోట కలిసి ఉంటాయి, అలా పెడితే ఆంప్‌లో రెండు అవుట్‌పుట్లు షార్ట్ అయి కాలిపోయే ప్రమాదం ఉంది. దీనికి తిరగేసినది, అంటే 4.4 కేబుల్‌కి అడాప్టర్ పెట్టి 3.5 సాకెట్‌లో వాడటం, క్షేమమే. అందుకే నేను కేబుల్‌కి 4.4 ప్లగ్గు పెట్టించి, చిన్న అడాప్టర్ ఒకటి దగ్గర ఉంచుకుంటాను.

మీరు చూస్తున్న ప్లేనార్ పేరు చెప్తే దాని ఓమ్స్, సెన్సిటివిటీ పెట్టి ఎన్ని వోల్టులు, ఎంత కరెంట్ కావాలో ఇక్కడే లెక్క వేసి ఇస్తాను.