గేటు కెమెరా సంగతి

చిరంజీవి శీనుకు, పెదనాన్న ఆశీస్సులు.

మీ రొయ్యల ప్లాంటు గేటుకి బండి నంబర్లు చదివే కెమెరా పెట్టారని, అందరి తరఫునా నిన్నే మేనేజరు దగ్గరికి వెళ్లమన్నారని మీ అమ్మ చెప్పింది. వెళ్లు. కానీ వెళ్లీ వెళ్లగానే తీసెయ్యమనకు. లక్షల సరుకు దాటే గేటుకి కెమెరా వద్దంటే ఏ యజమానీ వినడు. నువ్వు పట్టుకోవాల్సింది అది రాసుకునే పద్దుని. బండి బండికీ నంబరు, తేదీ, టైము, ఒక ఫొటో పడతాయి. నెల పద్దు ముందేసుకుంటే నైట్ షిఫ్టు ఆడపిల్లలు ఎన్నింటికి ఇంటిదారి పడతారో వాచ్‌మన్‌కి కూడా తెలిసిపోతుంది. ఆ ఫైలు వాట్సాప్ గ్రూపులో పడిందా, ఇక ఎవరూ ఆపలేరు.

ముందు సెక్యూరిటీ రూములో లైవ్ చూపించమను. గేటు దాటి రోడ్డూ, ఎదురు టీ కొట్టూ కనబడుతుంటే ఆ మేర నల్లగా మూసేయించు. ప్రైవసీ మాస్క్ అని సెట్టింగుల్లో ఉంటుంది, పెద్ద పని కాదు. పాస్‌వర్డు మార్చారో లేదో అడుగు. కెమెరా బిగించిన కుర్రాడి ఫోన్లో యాప్ ఇంకా తెరుచుకుంటుంటే అదీ తీయించు.

ఈ పద్దుతోనే హాజరు వేస్తామంటే మాత్రం ఒప్పుకోకు. బావమరిది బండేసుకొచ్చినవాడు, ఆటో దిగి నడిచొచ్చినవాడు, వెనక కూర్చుని వచ్చినవాడు ఆ లెక్కలోకే రారు. పైగా మెషిను తప్పు చదువుతుంది. 8ని బి అంటుంది, సున్నాని ఓ అంటుంది. బైకు ప్లేటు రెండు వరసలు కదా, పైనున్న 'ఏపీ 37' వదిలేసి కింద వరసే పట్టుకోవచ్చు. చెరువు గట్ల మీంచొచ్చే బండికి బురద సరేసరి. కెమెరా షట్టరు నెమ్మదిగా ఉంటే కదిలే బండి అంకెలు అలుక్కుపోతాయి. కెమెరా మరీ ఏటవాలుగా ఉన్నా అంతే. అందుకని జీతం కొయ్యాలంటే ఆ లైను తాలూకు ఫొటో చూపించాలని రాయించు.

చట్టం పేరు చెప్పి బెదిరించకు. మనుషుల సొంత సమాచారాన్ని కాపాడే 2023 డేటా చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, సంస్థల మీద ముఖ్యమైన బాధ్యతలు పడేది 2027 మేలో. అదీగాక ఉద్యోగ అవసరాలకి, సంస్థకి నష్టం రాకుండా చూసుకోడానికి సమ్మతి లేకుండానే సమాచారం వాడుకోవచ్చని అందులో 7వ సెక్షనే అంటోంది. అది చదివినవాడు ఎదురుపడితే నీ నోరు మూతపడుతుంది.

మీలో ఎవడో ప్లేటుకి బురద పూద్దామంటాడు. వద్దను. భీమవరం ఊళ్లోకి వెళ్లాక చలానా పడేది వాడికే.

అర్జీ ఒక్క పేజీ చాలు: పద్దు దేనికి, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లుంచుతారు. 30 రోజులు అడుగు; దొంగతనం విచారణ ఉంటే ఆ ముక్క విడిగా దాచుకోమను. "వీడియో పదిహేను రోజులకి అదే చెరిగిపోతుంది" అంటారు, సరిపెట్టుకోకు. డిస్కు నిండితే చెరిగేది వీడియోనే, నంబర్ల పద్దు వేరేచోట ఏళ్లకేళ్లు ఉండిపోగలదు. దాని సంగతి విడిగా రాయించు.

రెండు కాపీలు తీసి ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకో. సంతకాలు గుండ్రంగా పెట్టించు, మొదటి పేరు ఎవరిదో తెలియకుండా.

మీ పెదనాన్న