బాల్కనీకి వల ఒక్కటే సరిపోదు

రెండేళ్ల బాబు, ఒక పిల్లి ఉన్నారు, బాల్కనీకి అడ్డకమ్మీల రెయిలింగు, వల కట్టిస్తే చాలా అని అడిగారు. చాలదండీ. అడ్డకమ్మీలంటే పిల్లాడికి నిచ్చెనే. ముందు లోపలివైపు పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) షీటు బిగించి, కాలు పెట్టే చోటు లేకుండా చేయండి. ఆ తర్వాతే వల.

వలకన్నా కొక్కేలు ముఖ్యం. అవి పైపూతలో కాదు, కాంక్రీటులోకి దిగాలి. బిగించినవాళ్లు వెళ్లకముందే ఒక్కో కొక్కేన్నీ మీ బలమంతా పెట్టి లాగి చూడండి. నైలాన్ వల ఎండకి పెళుసెక్కుతుంది. వేళ్ల మధ్య నలిపితే పీచు రాలుతోందంటే మార్చాల్సిందే. పైగా పిల్లి కొరికేస్తుంది, మీకు స్టీలు తీగ వలే మేలు.

దోమతెర ఉందని మాత్రం ధీమా పడకండి, పిల్లాడు ఆనుకుంటే ఫ్రేముతో సహా ఊడొస్తుంది. కిటికీ 10 సెంటీమీటర్లకు మించి తెరుచుకోకుండా స్టాపర్ పెట్టించండి. పిల్లి ఆ సందులోంచీ దూరుతుంది కాబట్టి అక్కడా వల కావాలి. గ్రిల్లు పెట్టిస్తే పెద్దవాళ్లు లోపలినుంచి తెరవగలిగేదే పెట్టించండి, మంటలొస్తే బయటపడాలిగా.

ఇవన్నీ అయ్యేలోపు, ఇవాళే బాల్కనీలోని కుర్చీ, కుండీలు, బకెట్ లోపలికి తెచ్చేయండి. మా పాప బకెట్ బోర్లించి దానిమీద నిలబడటం నా కళ్లారా చూశాను.