అడవికి పట్టుకెళ్ళే కత్తి ఏది కొనాలి?

ప్రశ్న: అన్నా, ఫ్రెండ్స్‌తో ట్రెక్కింగ్‌కి వెళ్తుంటాం, మడత పెట్టేది కాకుండా గట్టి సర్వైవల్ కత్తి ఒకటి కొందామనుకుంటున్నా, ఎక్కువ పెట్టలేను. ఆన్‌లైన్‌లో పిడిలో దిక్సూచి, గాలం, అగ్గిపుల్లలు పెట్టి, వీపు మీద రంపం పళ్ళతో చవగ్గా అమ్ముతున్నారు. తీసుకోమంటావా? వచ్చే నెల నల్లమల వైపు వెళ్తున్నాం.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: అది మాత్రం వద్దు తమ్ముడూ. పిడిలో అన్ని సామాన్లు పట్టాలంటే లోపల బోలుగా ఉండాలి కదా, అందుకని బ్లేడుని పిడి మొదట్లోనే చిన్న బోల్టుతో ఆపేస్తారు, కట్టె చీల్చడానికి గట్టిగా నాలుగు దెబ్బలేస్తే సరిగ్గా అక్కడే విరుగుద్ది, విరిగిన ముక్క ఎవరికి తగులుద్దో చెప్పలేం.

తక్కువలో నేను చెప్పేది మోరా కంపానియన్. స్వీడన్‌లో మోరా అనే ఊళ్ళో చేస్తారు, బ్లేడు నాలుగు అంగుళాల పైచిలుకు, స్టెయిన్‌లెస్‌దైతే మందం 2.5 మి.మీ. బ్లేడు ఇనుము పిడి లోపల చివరిదాకా ఉండదు, అందుకని దుంగలు చీల్చడానికి వాడకు, పుల్లలు చెక్కడానికి, తాడు కోయడానికి, వంటకి హాయిగా సరిపోద్ది. అంచు వాలు వెడల్పుగా ఉంటుంది, ఆ వాలుని అట్లాగే రాయి మీద ఆనించి రుద్దితే చాలు, కొత్తవాళ్ళకి కూడా పదును కుదురుద్ది. మిగిలిన డబ్బులతో ఒక సానరాయి కొను, మొద్దుబారిన కత్తే చేతిని కోసేది, బలం పెట్టి నొక్కుతాం కాబట్టి.

మోటుపని ఉందంటే మాత్రం మీ దగ్గర్లో మంచి కమ్మరి ఉన్నాడేమో కనుక్కో, లారీ కమాన్ పట్టీతో చేసిచ్చే కత్తి చాలా గట్టిది, ఇనుము పిడి చివరిదాకా ఉంచమని ముందే చెప్పు. తుప్పు పడుద్ది, వాడాక తుడిచి కొబ్బరినూనె రాస్తే సరి. కాకపోతే బ్లేడు పొడవు 9 అంగుళాలు, వెడల్పు 2 అంగుళాలు దాటనివ్వకు, ఇల్లు, పొలం పనుల కత్తులు కాకుండా అంతకంటే పెద్దవి ఆయుధాల చట్టం కిందకొస్తాయి.

ఇక నల్లమల. నువ్వు వెళ్ళేది టైగర్ రిజర్వ్ లోపలికైతే ఏ కత్తీ తీసుకెళ్ళకు, 1972 వన్యప్రాణి చట్టం ఆయుధాల లెక్కలో కత్తిని కూడా వేసింది, అభయారణ్యంలోకి తేవాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా అధీకృత అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. చెక్‌పోస్టు దగ్గర బ్యాగులో దొరికితే వేటగాళ్ళేమోనని అనుమానిస్తారు, వాళ్ళ తప్పు కూడా కాదు. ఈసారికి ఇంట్లోనే పెట్టెయ్.