ఎంపోరియా గాలిలో డిస్క్ విసిరే బుజ్జికి

బుజ్జీ,

నిన్న ఫోన్లో నువ్వు చెబుతుంటే నవ్వేశాను గానీ, నవ్వే హక్కు నాకు లేదు. "మామయ్యా, ముందుకి విసిరితే డిస్క్ పైకి లేచి నా వెనకాలకొచ్చి పడింది" అన్నావు చూడు, పదిహేనేళ్ళ కిందట విచిటాలో నాకూ అదే జరిగింది. ఆఫీసులో వాళ్ళు డిస్క్ గోల్ఫ్‌కి బలవంతాన లాక్కెళ్ళారు. అదే, ప్లాస్టిక్ డిస్క్ విసురుతూ, గొలుసులు (చెయిన్లు) వేలాడే బాస్కెట్‌లో వీలైనన్ని తక్కువ విసురులకి వేసే ఈ ఆటే. తిరిగొచ్చిన డిస్క్ కారు అద్దం మీద పడింది. కారు నాదే, అదొక్కటే అదృష్టం. ఫోన్లో ఇవన్నీ చెబితే మధ్యలో మీ అమ్మ లైన్లోకొస్తుంది, అందుకని రాస్తున్నా.

కాన్సాస్‌లో నువ్వు చదువుకోడానికెళ్ళిన ఊరు ఈ ఆటకి చిన్న ఊరేం కాదు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ 2016లో ఒకసారి, 2022లో ఇంకోసారి ఎంపోరియాలో జరిగింది. 2022లో మగవాళ్ళలో పాల్ మెక్‌బెత్ ఆరోసారి టైటిల్ కొట్టాడు, ఆడవాళ్ళలో ఎస్టోనియా అమ్మాయి క్రిస్టిన్ టట్టర్ గెలిచింది. ఆ అమ్మాయి వీడియోలు చూడు. ఎంత దూరం విసురుతోందన్నది వదిలెయ్, ఎంత ఎత్తులో విసురుతోందో చూడు.

చెట్లు లేవు కదా, సులువనుకున్నావు. అందరూ అలాగే అనుకుంటారు. మీ చుట్టూ ఉన్న ఫ్లింట్ హిల్స్ అనే గడ్డి గుట్టల్లో కాస్త తవ్వితే చాలు, సున్నపురాయి, చెకుముకి రాయి తగులుతాయి. నాగలి దిగక ఆ నేలని దున్నలేదు, అందుకే గడ్డి అలాగే మిగిలింది. ఏటా వసంతంలో పశువుల వాళ్ళు ఆ గడ్డికి నిప్పు పెడతారు, దాంతో చెట్టు మొలిచినా నిలవదు. ఇక గాలికి అడ్డేముంది? ఈ రాష్ట్రానికి పేరిచ్చిన కాన్సా తెగ పేరుకే "దక్షిణపు గాలి జనం" అని అర్థం చెబుతారు. అడవిలో కోర్సయితే చెట్టు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది. ఇక్కడ అడ్డం కనపడదు, పైగా పూటకోచోట ఉంటుంది.

మీ తాతయ్య కళ్ళంలో తూర్పారబట్టడం నువ్వు చూడలేదు. గాలి రానిదే చేట ఎత్తేవాడు కాదు. ముందు గుప్పెడు పొట్టు ఎగరేసి, అది ఎటు పోతుందో చూసుకుని, నిలబడే చోటు మార్చుకునేవాడు. నువ్వూ అంతే. నీ వంతు రాకముందే గుప్పెడు గడ్డి తుంచి భుజమెత్తు నుంచి వదులు. తర్వాత బాస్కెట్ దగ్గర గడ్డి ఎటు వాలుతోందో చూడు. రెండు చోట్లా ఒకే గాలి ఉంటుందనుకోకు, మధ్యలో చెరువో దిబ్బో ఉంటే అసలే ఉండదు. వంతు వచ్చాక నీకుండేది 30 సెకన్లు. ఆలోచన అప్పుడు మొదలుపెడితే చెయ్యి కంగారు పడుతుంది.

ఇప్పుడు నీ డిస్క్ ఎందుకు వెనక్కొచ్చిందో చెబుతా. దాని ముక్కు, అంటే ముందు అంచు, పైకి లేచి ఉంది. ఎదురుగాలి దాని కిందికి దూరి గాలిపటంలా ఎత్తేసింది. మణికట్టు కాస్త కిందికి వంచి పట్టుకో, బరువు ముందు కాలి మీదికి వచ్చాకే వదులు. వెనక్కి వాలి విసిరేవాళ్ళకి ముక్కు లేవక మానదు. పరిగెత్తుకుంటూ వచ్చి విసరడం కూడా కొన్నాళ్ళు మానెయ్. నిలబడే విసురు. పాతికడుగులు తగ్గినా నష్టం లేదు, డిస్క్ నువ్వు చూస్తున్న చోటికి పోతుంది.

లెక్క కూడా అర్థం చేసుకో. నువ్వు గంటకు 50 మైళ్ళ వేగంతో విసిరావనుకో, ఎదురుగాలి 20 ఉందనుకో. డిస్క్‌కి తగిలే గాలి 70. నువ్వు ఇంకా బలంగా విసిరావని అది అనుకుంటుంది. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ (చెయ్యి ఒంటికి అడ్డంగా తెచ్చి విసరడం) అయితే కుడికి తిరగబడిపోతుంది. అదే వాలుగాలి 20 అయితే దానికి తగిలేది 30 మాత్రమే. తేలే శక్తి చాలక, ముందే ఎడమకి వంగి కింద పడుతుంది. వెనక గాలి ఉంటే దూరం పోతుందని అందరూ ఎగబడతారు, సగం మందికి డిస్క్ ముందే చతికిలపడుతుంది. దాన్ని కాస్త ఎత్తులో, తేలికగా తిరిగే డిస్క్‌తో వెయ్యాలి.

డిస్క్ మీద నాలుగు అంకెలుంటాయి కదా: వేగం, తేలడం, కుడికి తిరగడం, చివర్లో ఎడమకి వంగడం. నీ దగ్గరున్న లెపర్డ్ డిస్క్‌కి 6, 5, -2, 1. ఆ -2 ఉందే, ఎదురుగాలిలో అదే నీ కొంప ముంచేది. నేను ఎదురుగాలికి వాడే ఫైర్‌బర్డ్ 9, 3, 0, 4. తిరగబడమన్నా తిరగబడదు. అట్టాగని కొట్టుకెళ్ళి పది డ్రైవర్లు, అంటే దూరం విసిరే డిస్కులు, కొనకు. అందరి బ్యాగుల్లో డ్రైవర్లే, గాలి రోజున చేతికి పనికొచ్చేది ఒకటో రెండో. ఒక గట్టి డ్రైవర్, మధ్య దూరానికి ఒక మిడ్‌రేంజ్, బాస్కెట్ దగ్గరికి రెండు పుటర్లు చాలు. 175 గ్రాముల దగ్గర బరువున్నవి తీసుకో, 150 గ్రాములవాటిని గాలి ఎత్తుకుపోతుంది.

అడ్డగాలికి ఒక్క మాట. హైజర్‌గా విసిరితే డిస్క్ ఎడమ అంచు కిందికి వాలి ఉంటుంది. కుడి నుంచి వచ్చే గాలి దాని పొట్ట కింద తగిలి ఎడమకి మోసుకుపోతుంది, అందుకని గురి బాగా కుడికి పెట్టు. ఎడమ నుంచి వచ్చే గాలి వీపు మీద తగిలి నేలకి కొడుతుంది. ఇది చదివితే రాదు, పొద్దున్నే ఖాళీ మైదానంలో ఒకే డిస్క్ నాలుగు దిక్కులా విసిరితే వస్తుంది.

ఇదంతా ఒక ఎత్తు, పుటింగ్, అంటే దగ్గర్నుంచి బాస్కెట్‌లోకి వెయ్యడం, ఒక్కటీ ఒక ఎత్తు. టీ (మొదటి విసురు వేసే చోటు) దగ్గర పోయిన స్ట్రోకులు అందరికీ గుర్తుంటాయి, బాస్కెట్ దగ్గర పోయినవి ఎవరూ లెక్కపెట్టుకోరు. నా స్కోరు కార్డులు తిరగేస్తే గాలి రోజుల్లో నన్ను ముంచింది పుట్లే. ఒకసారి గట్టు మీద బాస్కెట్, దాని వెనక వాలు, కింద చెరువు. నేను ఆరు మీటర్ల దూరంలో ఉన్నా, ఎదురుగాలి. రెండో విసురుకే అయిపోతుందని మురిసిపోయాను. డిస్క్ చెయిన్ల మీదుగా లేచి, అవతల అంచు మీద నిలబడి, బండి చక్రంలా దొర్లుకుంటూ చెరువులోకి దిగింది. ఒడ్డు నుంచి మళ్ళీ కసిగా అదే పని చేశా. ఏడు స్ట్రోకులతో బయటపడ్డాను. గాలి నా చేత పోగొట్టించింది ఒకటి, మిగతావి నా పంతం పోగొట్టించింది.

కాబట్టి ఎదురుగాలి పుట్‌కి బాస్కెట్ పై అంచు కంటే కిందికి చూడు, అదే లేస్తుంది. వాలుగాలి అయితే చెయిన్ల పైభాగానికి చూడు. మెల్లగా తోస్తే గాలి ఆడిస్తుంది, చివర్లో వేళ్ళు టక్కున విదిలించి డిస్క్ గట్టిగా తిరిగేలా వెయ్యి. కాళ్ళు పక్కపక్కకి వెడల్పుగా పెట్టుకో, లేకపోతే గాలికి నువ్వే తూలతావు. పది మీటర్ల లోపల పుట్ చేశాక నిలదొక్కుకోకుండా ముందుకి అడుగు పడితే ఒక పెనాల్టీ, అంటే స్కోరులో ఒక స్ట్రోకు ఎక్కువ. వెనక వాలు గానీ నీళ్ళు గానీ ఉంటే, చచ్చినా గురి పెట్టకు. బాస్కెట్ కాళ్ళ దగ్గర పడేసి, తర్వాతి విసురుకి వేసుకో. పక్కవాళ్ళు నవ్వితే నవ్వనీ.

ఎత్తు గడ్డిలో పడిన డిస్క్‌ని వెతకడానికి మూడు నిమిషాలే. దొరక్కపోతే ఒక పెనాల్టీతో వెనక్కెళ్ళి మళ్ళీ విసరాలి. అందుకే పడేచోట ఏ పొదో రాయో గుర్తు పెట్టుకుని, దాని మీంచి చూపు తిప్పకుండా నడువు. మురికి గులాబీ రంగు, ఆకుపచ్చ డిస్కులు కొనకు. ప్రతిదాని వెనకా ఫోన్ నంబర్ రాయి, ఇక్కడి జనం మంచివాళ్ళు, దొరికితే మెసేజ్ పెడతారు.

గడ్డిలోకి వెళితే పొడుగు ప్యాంటు, పొడుగు సాక్సులు. ఇంటికి రాగానే పిడుదులు పట్టాయేమో మోకాళ్ళ వెనక, నడుం దగ్గర చూసుకో. ఇక్కడ లోన్ స్టార్ అనే పిడుదు ఉంది, అది కుడితే కొందరికి మేకమాంసం, గొర్రెమాంసం పడకుండా పోతాయి. మీ అమ్మ పంపిన మసాలా పొడి వృథా అయిపోతుంది.

శనివారం ఆరున్నరకి మీ అపార్ట్‌మెంట్ కింద ఉంటా. పొద్దెక్కేకొద్దీ గాలి లేస్తుంది, అంచేత తొమ్మిదింటికల్లా తొమ్మిది హోల్స్ (టీ నుంచి బాస్కెట్ దాకా ఒక హోల్) ముగించి, తర్వాత పెద్దగాలిలో ఒక్క పుట్లే వేద్దాం. పులిహోర నేను తెస్తా. నీకు ఫైర్‌బర్డ్ ఒకటి ఇస్తా, నారింజ రంగుది. చెరువు ఉన్న హోల్ వచ్చినప్పుడు మాత్రం నాకు తిరిగి ఇచ్చెయ్.

మామయ్య