పన్నెండు గంటల షిఫ్టు, తలుపు దగ్గర మూత్రం

మీరు పన్నెండు గంటల షిఫ్టుకు వెళ్లినప్పుడు మీ రెండేళ్ల కుక్క ఇంట్లో తలుపు దగ్గర మూత్రం పోస్తోందని అడిగారు. దానిది మొండితనం కాదు, మీ మీద కోపమూ కాదు. మీరు వెళ్లిన తొమ్మిదో గంటకో పదో గంటకో తలుపు దగ్గర పోస్తోందంటే, అప్పటిదాకా ఆపుకుని ఇక వల్ల కాక పోస్తోందన్నమాట. ఎదిగిన కుక్కకైనా సాధారణంగా 6–8 గంటలే హద్దు.

1. షిఫ్టు మధ్యలో ఎవరైనా వచ్చి ఒక్కసారి బయటికి తీసుకెళ్లాలి. కుదరకపోతే బాల్కనీలోనో బాత్రూంలోనో మూత్రం పీల్చుకునే ప్యాడ్ పెట్టండి. సెలవు రోజున, మీరు ఇంట్లో ఉన్నప్పుడే కుక్కకు ఆ ప్యాడ్ అలవాటు చేయాలి.

2. చాలామంది వదిలేసేది ఇదే: పాత వాసన. ఫినాయిల్‌తో తుడిస్తే మన ముక్కుకు వాసన తెలియదు గానీ, కుక్క ముక్కుకు తెలుస్తూనే ఉంటుంది. మళ్లీ అక్కడే పోస్తుంది. ఎంజైమ్ క్లీనర్ (మూత్రం వాసనకు కారణమయ్యేవాటిని విడగొట్టే ద్రవం) పోసి, సీసా మీద రాసినంతసేపు తడిగానే వదిలేయండి. వెంటనే తుడిచేస్తే డబ్బు దండగ (నేనూ ఒక సీసా అలాగే పాడుచేశాను).

3. బయల్దేరే ముందు ఒకసారి పోయగానే వెనక్కి లాక్కురాకండి. ఇంకో ఐదు నిమిషాలు తిప్పితే చాలాసార్లు మిగిలింది కూడా పోసేస్తుంది.

నీళ్లు మాత్రం తగ్గించొద్దు. ఉన్నట్టుండి ఎక్కువసార్లు పోస్తున్నా, రక్తం కనిపించినా వెటర్నరీ డాక్టరుకు చూపించండి.