మ్యాపులు చేయడం వచ్చు, క్యాన్సర్ పరిశోధనలోకి ఎలా వెళ్లాలి?

ప్రశ్న: జాగ్రఫీ డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. జీఐఎస్ (భౌగోళిక సమాచారాన్ని కంప్యూటర్లో మ్యాపులుగా మార్చి విశ్లేషించే పద్ధతి) మీద రెండు పేపర్లు పూర్తి చేశాను, క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో మ్యాపులు బాగానే చేయగలను. ఈ నైపుణ్యాన్ని క్యాన్సర్ పరిశోధనలో, నివారణలో వాడాలని ఉంది. స్కూలు దాటాక బయాలజీ చదవలేదు. నన్ను ఈ రంగంలోకి రానిస్తారా? ఇంకో సాఫ్ట్‌వేర్ సర్టిఫికెట్ తీసుకుంటే మేలు జరుగుతుందా? మ్యాపులు గీయడం తప్ప అక్కడ వేరే పని ఉంటుందా?

జవాబు: రానిస్తారు. బయాలజీ చదవకపోవడం మీరు భయపడుతున్నంత పెద్ద అడ్డంకి కాదు. అయితే మీ రెండో ప్రశ్నకు ముందుగా సమాధానం చెప్పాలి, ఎందుకంటే రాబోయే రెండేళ్లు మీరు దేని మీద పెట్టాలన్నది దానితోనే తేలుతుంది. మరో సాఫ్ట్‌వేర్ సర్టిఫికెట్ వద్దు. క్యూజీఐఎస్ చేయి తిరిగినవారికి ఆర్క్‌జీఐఎస్ వంటి మరో మ్యాపు సాఫ్ట్‌వేర్ అలవాటు కావడానికి కొన్ని వారాలు చాలు. మ్యాపు గీయగలవారు చాలామందే దొరుకుతారు. ఆ మ్యాపులో ఫలానా జిల్లా ఎందుకు ఎర్రగా కనిపిస్తోంది, ఆ ఎరుపును నమ్మవచ్చా అని ఒక డాక్టరో అధికారో అడిగినప్పుడు తడబడకుండా జవాబు చెప్పగలవారు తక్కువ. ఆ జవాబు ఎపిడెమియాలజీ (జనంలో వ్యాధులు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తాయో చదివే శాస్త్రం) నుంచి, గణాంక శాస్త్రం నుంచి వస్తుంది కాబట్టి మీ సమయాన్ని అక్కడ పెట్టండి.

ఈ రంగంలో మ్యాపు ఎంతవరకు పనికొస్తుందో చెప్పడానికి డెనిస్ బర్కిట్ పరిశోధన మంచి ఉదాహరణ. ఉగాండాలో సర్జన్‌గా పనిచేస్తుండగా ఆయన పిల్లల దవడల్లో శరవేగంగా పెరిగే ఒక కణితిని పదేపదే చూసి, 1958లో దాని గురించి రాశారు. ఆఫ్రికాలో అది ఎంతమేర విస్తరించి ఉందో తెలుసుకోవడానికి ఆసుపత్రులకు ఉత్తరాలు రాసి, 1961లో ఇద్దరు సహచరులతో కలిసి దాదాపు 10,000 మైళ్లు కారులో తిరిగి, అది ఎక్కడ కనబడుతోందో, ఎక్కడ ఆగిపోతోందో గుర్తించారు. భూమధ్యరేఖ దగ్గర సుమారు 5,000 అడుగులకు పైన అది అరుదుగా ఉండేది. భూమధ్యరేఖకు దూరం జరిగేకొద్దీ ఆ హద్దు కిందికి దిగుతూ వచ్చింది. అంటే అసలు హద్దు ఎత్తుది కాదు, ఉష్ణోగ్రతది. వేడి, వాన రెండూ చాలినంత ఉన్నచోటే ఆ కణితి ఉంది, దోమలూ మలేరియా ఉన్నదీ అక్కడే. అదే సంవత్సరం లండన్‌లో ఆయన ప్రసంగం విన్న ఆంథొనీ ఎప్‌స్టీన్ అనే పరిశోధకుడు ఆ కణితి నమూనాలు తెప్పించుకుని వెదికి, 1964లో సహచరులు అచాంగ్, బార్‌లతో కలిసి కొత్త వైరస్‌ను ప్రకటించారు. నేడు ఎప్‌స్టీన్-బార్ వైరస్ అంటున్నది దాన్నే. ఆ వైరస్ ప్రపంచమంతటా ఉన్నా ఈ కణితి మాత్రం ఆ ప్రాంతాల్లోనే ఎందుకు ఎక్కువ అన్న ప్రశ్నకు మలేరియా తోడవడమే కారణమని తర్వాతి పరిశోధనలు బలపరిచాయి. మ్యాపు కారణాన్ని చెప్పలేదు, ఎక్కడ వెదకాలో చెప్పింది. మీరు చేయబోయే పని కూడా చాలావరకు ఇదే.

అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1975లో ప్రచురించిన అట్లాస్ మరో పాఠం చెబుతుంది. 1950 నుంచి 1969 వరకు జరిగిన క్యాన్సర్ మరణాలను అందులో కౌంటీల (మన జిల్లాల వంటివి) వారీగా చూపారు. ఆగ్నేయ అట్లాంటిక్ తీరం వెంబడి పురుషుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఎక్కువగా కనిపించడంతో పరిశోధకులు జార్జియా తీరానికి వెళ్లి, రోగం వచ్చినవారినీ రానివారినీ పక్కపక్కన పెట్టి వారి ఉద్యోగ చరిత్రలు సేకరించారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఓడల నిర్మాణ కేంద్రాల్లో పనిచేసినవారికి ముప్పు ఎక్కువని, దాని వెనక ఆస్బెస్టాస్ ఉండవచ్చని 1978లో ప్రకటించారు. సంవత్సరాలను గమనించండి: పని 1940లలో, మరణాలు ఆ తర్వాతి దశాబ్దాల్లో. గట్టి కణితులకు (రక్త క్యాన్సర్లు కాక, అవయవాల్లో గడ్డగా పెరిగేవాటికి) కారణమైన పదార్థం తాకిడికీ రోగం బయటపడటానికీ మధ్య పది, ఇరవై, కొన్నిసార్లు నలభై ఏళ్లు గడుస్తాయి, ఈలోగా మనుషులు ఇళ్లు, ఊళ్లు మారతారు. అందుకే ఈ ఏడాది కేసుల మ్యాపు మీద ఈ ఏడాది కాలుష్యం పొరను వేసి సంబంధం ఉందని రాసే విద్యార్థి ప్రాజెక్టును అనుభవం ఉన్న పరీక్షకుడు మొదటి పేజీలోనే పక్కన పెడతాడు. గాలి కాలుష్యాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చిన మాట నిజమే, కానీ మీరు కొలవవలసింది ఆ మనిషి గతంలో పీల్చిన గాలిని.

ఇక సంఖ్యల దగ్గరికి వద్దాం, ఎందుకంటే జాగ్రఫీ నుంచి వచ్చినవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 1975–80 మధ్య స్కాట్లాండ్‌లోని 56 జిల్లాల్లో పురుషులకు వచ్చిన పెదవి క్యాన్సర్ లెక్కలు ఈ రంగంలో చేరే ప్రతివారూ ఒకసారి చేతబట్టే డేటా; గణాంకాల కోసం వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని ప్యాకేజీల్లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ప్రతి జిల్లాకు రెండు సంఖ్యలు ఉంటాయి: నిజంగా వచ్చిన కేసులు, జనాభానూ వయసులనూ బట్టి రావలసిన కేసులు. స్కై–లోఖాల్ష్ అనే చిన్న జిల్లాలో రావలసినవి 1.4, వచ్చినవి 9, అంటే ఆరు రెట్లకు పైనే. బాన్ఫ్–బకన్‌లో రావలసినవి 8.7, వచ్చినవి 39, అంటే నాలుగున్నర రెట్లు. రంగులు వేస్తే మొదటిదే ముదురుగా కనిపిస్తుంది, కానీ గట్టి సాక్ష్యం రెండోదానిది. మొదటి జిల్లాలో రెండు మూడు కేసులు తగ్గినా ఆ నిష్పత్తి కుప్పకూలుతుంది, రెండో జిల్లాలో అదే రెండు మూడు తగ్గితే పెద్ద తేడా రాదు. ఈ అస్థిరతను సరిచేయడానికి చిన్న జిల్లా అంచనాను మొత్తం సగటు వైపు, పొరుగు జిల్లాల అంచనాల వైపు కొంత లాగే బేసియన్ పద్ధతులు వచ్చాయి. 1991లో బెసాగ్, యార్క్, మోలియే ప్రతిపాదించిన నమూనా నేటికీ వీటిలో చాలావాటికి పునాదిగా ఉంది.

ఇంకో లెక్క కూడా స్వయంగా చేసి చూడండి. ఒక్కోచోట ఒకే కేసు రావలసిన 500 చిన్న ప్రాంతాలున్నాయనుకుందాం. ఎక్కడా ఏ ప్రత్యేక కారణమూ లేకపోయినా, కేవలం యాదృచ్ఛికంగానే వాటిలో సుమారు 40 ప్రాంతాల్లో మూడు లేదా అంతకన్నా ఎక్కువ కేసులు వస్తాయి. ఆ నలభైలో ఏదో ఒకచోట ఒక ఫ్యాక్టరీ, మరోచోట ఒక సెల్ టవర్ ఉండనే ఉంటాయి. అప్పుడు వేలు చూపించడం బాణం వేశాక తగిలినచోట గురి గీసుకోవడమే. ఏ హద్దులూ ముందుగా అనుకోకుండా, రకరకాల పరిమాణాల వలయాలతో ప్రాంతమంతా వెదికి, అన్ని చోట్ల వెదికామన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతిని మార్టిన్ కుల్‌డార్ఫ్ 1997లో రూపొందించారు. శాట్‌స్కాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దానికోసమే. ఇంత జాగ్రత్తగా చేసినా ఫలితం జనం ఆశించినట్టు రాకపోవచ్చు. న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్‌లో రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా ఉందన్న ఆందోళనతో అమెరికా కాంగ్రెస్ 1993లో చట్టం ద్వారా పెద్ద అధ్యయనం చేయించింది, అందులో జీఐఎస్ కూడా ఒక భాగం. 2002లో వెలువడిన ప్రధాన ఫలితాల్లో డీడీటీ పురుగుమందు వంటి ఆర్గానోక్లోరిన్ రసాయనాలకూ ఆ వ్యాధికీ సంబంధం కనబడలేదు. అలాంటి ఫలితాన్ని ఆందోళనతో ఉన్న కుటుంబాల ముందు మర్యాదగా, సూటిగా వివరించడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

డేటా శుభ్రతకు పట్టే సమయం గురించి మీకు ఎవరూ చెప్పి ఉండరు. క్యాన్సర్ రిజిస్ట్రీలో (ఒక ప్రాంతంలోని క్యాన్సర్ కేసులను నమోదు చేసే వ్యవస్థలో) ఉన్న చిరునామాను మ్యాపు మీద బిందువుగా మార్చడాన్ని జియోకోడింగ్ అంటారు. ఇంటి నంబరు దొరకని చిరునామాలను సాఫ్ట్‌వేర్ తరచూ ఆ పోస్టల్ ప్రాంతం మధ్యలో ఒకే బిందువు మీద పోగేస్తుంది. చికిత్స కోసం నగరంలో బంధువుల ఇంట్లో ఉంటున్న రోగి ఆ చిరునామానే రాయిస్తాడు. ఈ రెండూ గమనించకపోతే పెద్ద ఆసుపత్రుల చుట్టూ లేని క్యాన్సర్ గుంపులు పుట్టుకొస్తాయి. దీనికి తోడు, ఎక్కువ వెదికినచోట ఎక్కువ కేసులు దొరుకుతాయి. దక్షిణ కొరియాలో అల్ట్రాసౌండ్ పరీక్షలు విస్తరించాక 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నమోదు 1993తో పోలిస్తే 15 రెట్లు పెరిగింది, మరణాలు మాత్రం దాదాపు మారలేదు. అక్కడ థైరాయిడ్ కేసుల మ్యాపు వేస్తే వ్యాధి కంటే పరీక్షల విస్తరణే ఎక్కువగా కనబడుతుంది. కాబట్టి కొత్త కేసుల రేటు, మరణాల రేటు, ఏ దశలో గుర్తించారన్న వివరం మూడూ పక్కపక్కన పెట్టి చూడటం అలవాటు చేసుకోండి.

మీకు కావలసిన బయాలజీ దాదాపు ఇంతే: ఒక్కో అవయవపు క్యాన్సర్‌కు తెలిసిన ముఖ్య కారణాలు, అవి బయటపడటానికి పట్టే కాలం, దశల విభజన, కణితులకు కోడ్లు ఇచ్చే ఐసీడీ-ఓ పద్ధతి. అందులో సీ34 అంటే ఊపిరితిత్తులు, సీ50 అంటే రొమ్ము, సీ53 అంటే గర్భాశయ ముఖద్వారం. ఇవి ఒక సెమిస్టర్ శ్రద్ధగా చదివితే వస్తాయి.

మీ మూడో ప్రశ్నకు నా జవాబు, ఉద్యోగాల దృష్టితో చూస్తే కారణాల అన్వేషణ కంటే నివారణ, వైద్యసేవల ప్రణాళిక వైపే తలుపులు ఎక్కువగా తెరిచి ఉన్నాయని. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిర్మూలనకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన వ్యూహం ప్రకారం 2030 నాటికి 90 శాతం బాలికలకు 15 ఏళ్లలోపు హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) టీకా, 70 శాతం స్త్రీలకు 35 ఏళ్లలోపు ఒకసారి, 45 ఏళ్లలోపు మరోసారి స్క్రీనింగ్, వ్యాధి గుర్తించినవారిలో 90 శాతానికి చికిత్స అందాలి. ఒక దేశం సగటున లక్ష్యానికి దగ్గరగా ఉన్నా దాని లోపల కొన్ని ప్రాంతాలు చాలా వెనకబడి ఉండవచ్చు, వాటిని పట్టుకోవడం మ్యాపు చేయగలవారి పనే. సంచార మామోగ్రఫీ (రొమ్ము ఎక్స్‌రే) వాహనం ఏ దారిలో తిరగాలి, రేడియోథెరపీ కేంద్రం ఎక్కడ పెడితే ఎక్కువమందికి ప్రయాణం తగ్గుతుంది, ఇళ్లలో రేడాన్ (నేల నుంచి వెలువడే రేడియోధార్మిక వాయువు) పరీక్షలు ముందుగా ఏ ప్రాంతంలో మొదలుపెట్టాలి వంటి ప్రశ్నలకు సరళరేఖ దూరం సరిపోదు. రోజువిడిచి రోజు కాదు, వారానికి ఐదు రోజులు వారాల తరబడి రేడియేషన్‌కు వెళ్లవలసిన మనిషికి రోడ్డు మీద పట్టే సమయమే లెక్క. రోడ్ల నెట్‌వర్క్ విశ్లేషణ మీకు వచ్చి ఉంటే, డాక్టర్ల బృందంలో మొదటి రోజు నుంచే పనికొచ్చే నైపుణ్యం అదే. రిజిస్ట్రీలు, ప్రజారోగ్య శాఖలు, స్క్రీనింగ్ కార్యక్రమాలు, విశ్వవిద్యాలయ పరిశోధన బృందాలు ఇలాంటివారిని తీసుకుంటాయి.

చదువు విషయంలో, ఎపిడెమియాలజీ లేదా బయోస్టాటిస్టిక్స్ ప్రధానంగా ఉండే ప్రజారోగ్య మాస్టర్స్ మీకు సరిపోతుంది. జియోఇన్ఫర్మాటిక్స్‌లోనే మాస్టర్స్ చేస్తే ఇప్పటికే తెలిసినదాన్నే మరింత లోతుగా చదివినట్టవుతుంది, లోటు అలాగే మిగులుతుంది. పరిశోధనకు సొంతంగా నాయకత్వం వహించాలనుకుంటే పీహెచ్‌డీ తప్పదు, ప్రణాళిక ఉద్యోగాలకు అక్కర్లేదు. ప్రోగ్రామును ఎంచుకునేటప్పుడు పేరు కంటే సిలబస్ చూడండి: రిగ్రెషన్, ముఖ్యంగా కేసుల సంఖ్యల వంటి లెక్కలకు వాడే పాయిసన్ నమూనాలు, అధ్యయన రూపకల్పన, వయసు ప్రామాణీకరణ (ప్రాంతాల మధ్య వయసు తేడాలను సరిచేసి పోల్చడం) ఉన్నాయా, వీలైతే బేసియన్ పద్ధతులు ఉన్నాయా అని. ప్రోగ్రామింగ్‌కు ఆర్ నేర్చుకోండి, ఈ రంగపు పద్ధతుల్లో ఎక్కువ భాగం మొదట అందులోనే వస్తాయి. గోప్యత నియమాలు కూడా ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి. అరుదైన క్యాన్సర్ వచ్చిన ఒక్క మనిషిని మ్యాపు మీద బిందువుగా పెడితే ఆ ఇల్లు తెలిసినవారికి పేరు చెప్పినట్టే. అందుకే రిజిస్ట్రీలు చిన్న సంఖ్యలను దాచి, ప్రాంతాలను కలిపి ఇస్తాయి.

దరఖాస్తుల కోసం ఒక పని మాత్రం ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి. పైన చెప్పిన స్కాట్లాండ్ డేటాతో ముందు మామూలు నిష్పత్తుల మ్యాపు, తర్వాత స్మూతింగ్ చేసిన, అంటే పైన చెప్పినట్టు అంచనాలను సగటు వైపు, పొరుగు జిల్లాల వైపు లాగిన మ్యాపు వేయండి. అదే డేటాలో వ్యవసాయం, చేపలవేట, అటవీ పనుల్లో ఉన్నవారి శాతం కూడా ఉంది. ఆరుబయట ఎండలో పనికి గుర్తుగా వాడిన ఆ అంశాన్ని నమూనాలో చేర్చితే ఏమి మారిందో చూడండి. ఏ జిల్లా రంగు మారింది, ఎందుకు మారింది, జిల్లా స్థాయిలో కనిపించిన సంబంధాన్ని ఒక్కో మనిషికి అంటగట్టడం ఎందుకు పొరపాటు అన్నది మీ సొంత మాటల్లో నాలుగు పేజీలు రాయండి. దరఖాస్తుకు జత చేయవలసింది ఆ నాలుగు పేజీలనే. మ్యాపులు రెండు చాలు.